సీసపు మెరుగు జాడీలు – నేను పెట్టని కేసు

ఉద్యోగంలో చేరిన రోజు మీ చేతికి ఒక నోటీసు పుస్తకం, నమూనా సీసాల పెట్టె, కొంచెం లక్క, ఒక ముద్ర ఇస్తారు. ఇదే ఉద్యోగమనుకుంటారు. నేనూ అనుకున్నాను. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా, ఆహార నమూనాలు తీసే అధికారంతో, నెల్లూరు తీరంలో బతుకంతా పనిచేసి దిగాక చెబుతున్నాను. ఉద్యోగం ఆ పెట్టెలో లేదు. పొమ్మన్న చోట పోకుండా నిలబడడంలో ఉంది.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి తక్కువ, ఆగినవి ఎక్కువ. ఫైళ్ళ గురించీ రాయను. ఒక్క వ్యవహారం గురించి రాస్తాను. అందులో నా తప్పులున్నాయి, నా మొండితనమూ ఉంది. తప్పులకు సిగ్గుపడుతున్నాను. మొండితనానికి కాదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఉద్యోగంలో విశ్వాసం కలపవద్దని ఒక పై అధికారి నన్ను హెచ్చరించాడు. నేను కలిపాను. ఊరి మీదికి కత్తి వస్తుంటే చూసి కూడా బూర ఊదని కావలివాడు ఆ రక్తానికి జవాబు చెప్పాలని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్పారు. నా సర్వీసు రూల్సు అంతకంటే గట్టిగా ఏమీ నేర్పలేదు.

ఇత్తడి మీద నా యుద్ధం

యాభైల చివర్లో నేను చేరినప్పుడు ఆహార కల్తీ చట్టం కూడా కొత్తదే. పాలల్లో నీళ్ళ వెంట, కారంలో ఇటుక పొడి వెంట అందరూ పడేవాళ్ళు. నా కన్ను పాత్రల మీద పడింది. సరైన కళాయి, అంటే తగరపు పూత, లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండిన తిండి పనికిరానిదిగా లెక్కించాలని రూల్సులో ఉంది. నెల్లూరు హోటళ్ళలో సాంబారు కాచే గంగాళాలు బోర్లించి, కళాయి పోయి లోపలి ఇత్తడి పసుప్పచ్చగా తేలి ఉంటే అక్కడికక్కడే నోటీసు రాసేవాణ్ణి. నన్ను చూసి హోటలు వాళ్ళు పాత్రలు దాచేవాళ్ళు. అప్పట్లో నాకది గొప్పగా ఉండేది.

కళాయి వేసే మస్తాన్ అప్పుడే పరిచయమయ్యాడు. తిత్తి, బొగ్గులు, నవసాగరం సైకిలు మీద వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. ఒక హోటల్లో గంగాళం తళతళ మెరుస్తుంటే బాగుందని రాసివ్వబోతున్నాను. మస్తాన్ గుమ్మం దగ్గర ఆగాడు.

“ఇనస్పెట్రు సారూ, తెల్ల గుడ్డ ఉండాదా?”

నా జేబురుమాలు తీసుకుని గంగాళం లోపల గట్టిగా రుద్దాడు. గుడ్డకు నల్లటి మరక అంటింది.

“ఇది తగరం కాదు సారూ. సగానికి సగం సీసం కలిపినారు. నేనేసిన కళాయి కాదు, చెప్తా ఉండా.”

“నువ్వు వేసింది కాదని రుజువేమిటి?”

“నేనేసుంటే మీ గుడ్డ తెల్లంగా ఉండేది సారూ. మీ మొగం కూడా.”

హోటలు వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు కానీ ఆ పరీక్ష నేర్చుకున్నాను. అది నాకిచ్చిన ఏ పుస్తకంలోనూ లేదు. చేతిపని చేసేవాడు తన పని గురించి మాట్లాడేటప్పుడు నోట్సు రాసుకోండి. పై అధికారి మాట్లాడేటప్పుడు రాసుకోకపోయినా నష్టం లేదు.

నా యుద్ధం ఇళ్ళలోకీ పాకింది. నేనుండేది తోటపల్లి గూడూరు వైపు ఒక ఊళ్ళో. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం వాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. కొన్ని నెలలకొకసారి కళాయి వేయించుకోలేమని, చింతపండు పులుసు, ఊరగాయలు దేంట్లో పెట్టుకోవాలో చెప్పమని అడిగారు.

జవాబు నా చేతిలోనే ఉంది. మా సంఘ పెద్ద సాల్మన్ రాజు గారు ఊరి అవతల ఇసుక నేలల్లో చిన్న జాడీల బట్టీ పెట్టి అప్పటికి ఏడాది. మా వాళ్ళకే పనిచ్చాడు. రైల్లో వచ్చే ముదురు రంగు జాడీల కంటే ఆయన జాడీ చవక, అందం కూడా. తేనె రంగు, లోపలా బయటా అద్దంలా మెరుపు. ఒకటి పైకెత్తి పట్టుకుని చెప్పాను:

“దీనికి కళాయి అక్కర్లేదు. తుప్పు పట్టదు. పులుపంతా ఇందులో పెట్టండి.”

ఆమేన్ అన్నారు. అంతటితో ఆగానా? ప్రభువు బల్ల ఆరాధనలో అందరం తాగే ద్రాక్షరసానికి ఎండుద్రాక్ష నానబెట్టే పాత ఇత్తడి పాత్ర గుడిలో ఉండేది. దాన్ని నేనే తీయించి, నా చేతులతో కొత్త జాడీ తెచ్చి పెట్టాను. గిన్నె బయట శుభ్రం చేసి లోపల సంగతి మరిచిన వాళ్ళను ప్రభువు గద్దించిన సంగతి తెలిసినవాణ్ణే. ఆ జాడీ లోపల ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు. మెరుస్తోంది కాబట్టి మంచిదనుకున్నాను.

కృపమ్మక్క

ఆ రసం తయారు చేసేది దేవకృపమ్మ. అందరికీ కృపమ్మక్క. బైబిలు ఉమన్‌గా ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేది. బతకడానికి మామిడి ఆవకాయ, గోంగూర పచ్చడి పెట్టి అమ్మేది. నెలకొకసారి ఎండుద్రాక్ష మూడు నాలుగు రోజులు నానబెట్టి, పిసికి, వడగట్టి, మళ్ళీ ఆ జాడీలోనే పోసి బల్లకు సిద్ధం చేసేది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. బల్ల మీద ఆశీర్వదించిన రసం మిగిలితే పారబోయకూడదు. సిద్ధం చేసినవాళ్ళే భక్తితో తాగేయాలి. చెంబెడు మిగిలినా కృపమ్మక్క తాగేది. ఇంట్లో ఆమె అన్నంలోకి రోజూ తన జాడీలోని పచ్చడే. అంటే ఊళ్ళో ఒకరికి చుక్క అందుతుంటే ఆమెకు దోసెడు అందుతోంది. ఇదంతా తర్వాత అర్థమైంది.

రెండేళ్ళు గడిచాయి. ఆమెకు మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది. తర్వాత మొహం పాలిపోయింది. ఆ తర్వాత చేతులు. ఆరాధనలో చేతులెత్తి పాడే మనిషి, చేతులెత్తితే మణికట్టు దగ్గర నుంచి అరచేతులు వాలిపోయి వేలాడేవి. నాటువైద్యుడు వాతమన్నాడు. ఊళ్ళో ఇంకోటి అన్నారు. బోరింగు దగ్గర నేను స్వయంగా విన్నాను.

“ఎవురి మీదనో కక్ష పెట్టుకోనుంటది. లేకుంటే దేవుడు చేతులే ఎందుకు పడగొడతాడు?”

“అవునుమే. ఆ చేతుల్తోనే కదా బల్లకి రసం చేసేది!”

యోగ్యత లేకుండా బల్లలో చేయి వేస్తే రోగం వస్తుందని లేఖనంలో ఉన్న హెచ్చరికను మా వాళ్ళు ఆమె మణికట్టుకు కట్టారు. సంఘ పెద్దల కూటం జరిగింది. సాల్మన్ రాజు గారు అధ్యక్షుడు. ఆమె దాచుకున్న పాపమేదో ఒప్పుకునేదాకా బల్ల నుంచి నిలిపివేయాలని తీర్మానించారు. ఆ కూటంలో నేనూ ఉన్నాను. నోరెత్తలేదు. ఆరోగ్య శాఖలో జీతం తీసుకునేవాణ్ణి, రోగాన్ని చూసి పాపం అంటుంటే విని ఊరుకున్నాను. జాడీ తెచ్చినదానికంటే ఈ మౌనమే నాకు పెద్ద తప్పుగా తోస్తుంది. జాడీ సంగతి నాకు తెలియదు. ఇది తెలుసు.

రసం చేసే పని ఇంకొకామెకు ఇచ్చారు. కృపమ్మక్క నన్ను ఇంటికి పిలిపించింది.

“అబ్బయ్యా, రెండు నెలల్నించి ఉపవాసముండి ఎతకతా ఉండా. ఏ పాపమో తగల్లా. పెద్దోళ్ళ కూటంలో కూర్చుంటావు గదా, నీకేమన్నా తెలిస్తే చెప్పు. ఒప్పేసుకుంటా.”

“నాకేం తెలీదక్కా.”

“తెలీకుండానే నన్ను నిలిపేస్తా ఉంటే చూస్తా కూర్చున్నావా?”

లేచి వచ్చేశాను.

“మెరుగు యాడికి పోయినాది?”

ఆ వారంలోనే మస్తాన్ మా ఊరికి వచ్చాడు. కృపమ్మక్క ఇంట్లో ఒక ఇత్తడి తపేలా కళాయికి ఉందని నేనే తీసుకుపోయాను. నిజానికి ఒంటరిగా ఆ గడప తొక్కే ధైర్యం లేక తోడు తీసుకుపోయాను. ఆమె తపేలా అందించబోతే చేతులు వాలిపోయి కింద పడింది. మస్తాన్ తపేలా తీయలేదు. చేతుల్నే చూస్తున్నాడు.

“మా నాయన చేతులు ఇట్లనే యాలాడినాయి సారూ. చచ్చిపోయేదాకా అన్నం మాయమ్మే తినిపించింది.”

“మీ వాళ్ళు ఏం పాపమన్నారు?”

“పాపమేంది సారూ?” నా వైపు వింతగా చూశాడు. “సీసం. తగరం పిరమని సీసం కలిపి కళాయేసేటోడు. ఆ పొగ. అమ్మా, చిగుళ్ళు ఒకసారి చూపీ.”

ఆమె పెదవి లాగి చూపించింది. పళ్ళ మొదట్లో, సిరా గీసినట్టు, నల్లటి నీలి గీత.

“కళాయేసే పని చేసినావా ఎప్పుడన్నా?”

“నేనా? వాక్యం చెప్పే పని నాయనా నాది.”

“అయితే తినే దాంట్లోంచి పోతా ఉండాది. దేంట్లో పెడతావు పచ్చడి?”

జాడీ తెచ్చాం. పచ్చడి ఒక ఆకులోకి తీసి, కడిగి, ఎండలో వంచి చూశాడు. బయట తేనె రంగు అలాగే ఉంది. లోపల పచ్చడి ఉండే మట్టం వరకు మెరుపు లేదు. సుద్ద పూసినట్టు మాసిపోయింది. గోరుతో గీకాడు.

“ఈ మెరుగు సీసంతో చేసినారు సారూ. కొన్నప్పుడు అద్దంలా ఉండింటాది. మరి లోపలి మెరుగు యాడికి పోయినాది?”

ముగ్గురం ఆకులోని పచ్చడి వైపు చూశాం.

ముద్దాయి ఎవరు

మస్తాన్ గోరు కోర్టులో చెల్లదు. ప్రభుత్వ ప్రయోగశాల కాగితం చెల్లుతుంది. కాబట్టి పద్ధతి ప్రకారం కృపమ్మక్కకు నోటీసు ఇచ్చి, పచ్చడి మూడు సీసాల్లో నింపి, లక్క ముద్ర వేసి, ఒకటి ఆమెకిచ్చి, ఒకటి నా దగ్గర ఉంచి, ఒకటి ప్రయోగశాలకు పంపాను. ఎందుకో ఆమె అడగలేదు. “నీ పనికొస్తే తీసుకోబ్బయ్యా” అంది. కాగితం వచ్చింది. తిండిలో ఉండదగ్గ సీసం కంటే పచ్చడిలో ఎన్నో రెట్లు ఎక్కువుంది. నేను గెలిచాననుకుని నెల్లూరులో మా హెల్త్ ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యి చాపినవాడు కాదు, ఒక్కరోజు ఆలస్యంగా వచ్చినవాడు కాదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. రూలు పుస్తకం అక్షరం అక్షరం తెలుసు. అందులో లేనిది లోకంలోనే లేదనుకునేవాడు. కాగితం చదివి అన్నాడు:

“బాగుంది. ఆమె మీద కంప్లయింటు రాయి.”

“ఆమె మీదా సార్? సీసం జాడీలోంచి వచ్చింది.”

“అమ్మింది ఎవరు?”

“ఆమె. జాడీ చేసినాయన వేరే ఉన్నాడు.”

“ఏమయ్యా, జాడీ తినే వస్తువా?”

“కాదు సార్.”

“అయితే అది మన చట్టంలోకి రాదు. తిండిలో సీసానికి హద్దుంది. జాడీ మెరుగులో సీసానికి హద్దు ఎక్కడుందో చూపించు, అతని మీదా పెడదాం.”

చూపించలేకపోయాను. లేదు కాబట్టి. రాగికీ ఇత్తడికీ రూలుంది. చిట్లి తుప్పుపట్టిన ఎనామిల్ పాత్రకు రూలుంది. జాడీకి లేదు.

“సార్, ఆమెకు చేతులు పడిపోయాయి. ఆ పచ్చడి తినే.”

“సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయించు.”

ఆ మాటను ఆయన కఠినంగా అనలేదు. ఉపాయం చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఇప్పటికీ చెవిలో ఉంది.

“నేను కంప్లయింటు రాయను సార్.”

“రాయనని రాసిస్తావా?”

“ఇస్తాను.”

అక్కడే నిలబడి రాసిచ్చాను.

బట్టీ దగ్గర

మర్నాడు సైకిలు మీద బట్టీకి పోయాను. సాల్మన్ రాజు గారు బట్టీ నోటి దగ్గర సరుగుడు కట్టెలు వేయిస్తున్నాడు. ఇసుక మీద వరసగా జాడీలు, ఎండలో కళ్ళు చెదిరేట్టు.

“రా తమ్ముడూ. ప్రభువు పనా, సర్కారు పనా?”

“మెరుగులో ఏం కలుపుతున్నారన్నా?”

దాచలేదు. ఎర్రటి పొడి ఉన్న డబ్బా చూపించాడు. సీస సిందూరం. అది కలిపితే తక్కువ కాకకే మెరుగు కరిగి పారుతుందట. ఉప్పుతో మెరుగు పెట్టాలంటే కాక చాలా పెంచాలి, కట్టె రెండింతలు కావాలి, బట్టీ గోడలు కూడా తిరగ్గట్టాలి. ప్రయోగశాల కాగితం చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు.

“ఏ రూలు కింద వచ్చినావు?”

“రూలు లేదన్నా.”

“రూలు లేకుంటే నా పొట్ట మీద కొట్టేదానికి ఎట్ల వచ్చినావు? మా ఇంట్లో ఇవే జాడీలు. నా పెండ్లాం బిడ్డలు వాటిల్లోనే తింటా ఉండారు. నేను విషం అమ్మేవాడిగా కనపడతా ఉండానా నీకు?”

“తెలిసి అమ్మారని నేననలేదు. నిన్నటిదాకా మీకు తెలీదు. ఇప్పుడు తెలుసు.”

“సంఘంలో సగం పొయ్యిలు ఈ బట్టీ మీద వెలగతా ఉండాయి. రేపట్నించి నువ్వు వెలిగిస్తావా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. జవాబు లేదు కాబట్టి నోరు మూసుకోవాలంటే మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మీకూ ప్రతి ఊళ్ళో ఈ ప్రశ్న ఎదురవుతుంది. అడిగేవాడు చాలాసార్లు నిజమే చెబుతుంటాడు. అయినా విషం విషమే.

ఆ ఆదివారం

నెల మొదటి ఆదివారం బల్ల. అప్పటికి కృపమ్మక్క వెనక చాప మీద, బల్లకు దూరంగా కూర్చోవడం అలవాటైపోయింది. జాడీ బల్ల పక్కన ఉంది. పాస్టరు గారు పెద్దవయసు మనిషి, మెత్తటి గొంతు. ప్రార్థనకు లేస్తుంటే నేనూ లేచాను.

“అయ్యగారూ, ఒక మాట.”

“ఆరాధన అయినాక మాట్లాడుకుందాం బ్రదర్.”

“అయినాక అందరూ తాగేసి ఉంటారయ్యగారూ.”

నేను నా తప్పు నుంచి మొదలుపెట్టాను. పాత ఇత్తడి పాత్ర తీయించింది నేనని, ఈ జాడీ తెచ్చింది నేనని, కృపమ్మక్కను నిలిపివేసిన రోజు మౌనంగా కూర్చున్నది నేనని చెప్పాను. ఆమె చేతుల్ని దేవుడు పడగొట్టలేదు, నేను తెచ్చిన జాడీ పడగొట్టింది అన్నాను. సాల్మన్ రాజు గారు లేచాడు.

“ప్రభువు బల్ల ముందర బట్టీ యవ్వారమా? సిగ్గు లేదా నీకు?”

“ఉందన్నా. అందుకే ఇంకెక్కడా కాకుండా ఇక్కడ చెబుతున్నాను.”

ఇంకా ఆశీర్వదించని రసం అది. జాడీ ఎత్తుకుని తలుపు దగ్గరికి పోయి, బయట ఇసుకలో ఒంపేశాను. ఎవరో “అయ్యో” అన్నారు. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. ఖాళీ జాడీ నోటిని వెలుతురు వైపు తిప్పి, వచ్చి చూడమన్నాను. మగవాళ్ళు కదల్లేదు. ముందు ఒకామె వచ్చింది, రత్నమ్మ అని, ఆమె భర్త ఆ బట్టీలోనే మట్టి పిసుకుతాడు. లోపలికి తొంగి చూసింది.

“మా ఇంట్లోదీ ఇట్లనే మాసిపోయినాది. నేను సరిగ్గా తోమలేదేమో అనుకుంటా ఉన్నా.”

తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత ఇంకో ఇద్దరు. ఒకరి తర్వాత ఒకరు జాడీలోకి చూసి, పోయి కృపమ్మక్క పక్కన చాప మీద కూర్చున్నారు. పాస్టరు గారు బల్ల మీది రొట్టెను గుడ్డతో కప్పేశారు.

“ఇవాళ బల్ల లేదు,” అన్నారు చివరికి. “ఆమెను నిలిపింది మనం. పిలవాల్సింది కూడా మనమే.”

సాల్మన్ రాజు గారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి గుడి ప్రహరీ పక్కన జాడీలు వరసగా చేరాయి. ఏ చట్టమూ వాటిని తెప్పించలేదు. ఆడవాళ్ళు మోసుకొచ్చారు.

సంజాయిషీ

వారంలో మెమో వచ్చింది. పై అధికారి ఆజ్ఞ ధిక్కరించినందుకు, అధికారం లేకుండా ఒక వ్యాపారానికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ అడిగారు. ఇలా రాశాను: “పచ్చడి కేసు పెట్టదలిస్తే మొదటి ముద్దాయిగా నన్ను చేర్చండి. ఆ జాడీలు వాడమని ప్రభుత్వోద్యోగి హోదాలో ఊరికి చెప్పింది నేను. కోర్టులో ప్రమాణం చేసి ఇదే చెబుతాను.” నమూనా తీసినవాడే అలా సాక్ష్యం చెబుతానంటే ఆ కేసు ఎవరు పెడతారు? ఫైలు అలాగే ఉండిపోయింది. నా ఇంక్రిమెంటు ఆగింది. నన్ను సంగం అనే ఊరికి బదిలీ చేశారు.

నా గెలుపును పెద్దది చేసి చెప్పను. కొన్నాళ్ళు బట్టీ ఆరింది. కొన్ని కుటుంబాలు అభ్రకం గనుల పనికి దూరాన ఉన్న గూడూరు వైపు వలసపోయాయి. రత్నమ్మ భర్త నన్ను చూస్తే ఉమ్మేసి పోయేవాడు. అతన్ని తప్పుపట్టను. తర్వాత సాల్మన్ రాజు గారు గోడలు తిరగ్గట్టించి ఉప్పు మెరుగు మొదలుపెట్టాడు. తక్కువ మందితో, ముదురు గోధుమ రంగు మొద్దు జాడీలు. జాడీ మెరుగులో సీసానికి హద్దు పెట్టమని నేను పైకి రాసిన ఉత్తరాలకు చేరినట్టు రసీదులొచ్చాయి. నేను దిగిపోయేనాటికి కూడా నాకిచ్చిన రూలు పుస్తకంలో ఆ మాట లేదు.

పుస్తకంలో లేదు కాబట్టి మన పని కాదని మీతో అంటారు. అన్నవాడికి నమస్కారం పెట్టి, వెళ్ళి ఆ పనే చేయండి. శిక్ష పడుతుంది. పడనివ్వండి. ఇంకోటి. చట్టం మీ చేతికి అందించే ముద్దాయి తరచూ అందరికంటే బలహీనమైన మనిషే అయి ఉంటాడు. ఆ కంప్లయింటు మీద సంతకం పెట్టేముందు ఆ మనిషి చేతులు చూడండి.

తిరిగి బల్ల దగ్గర

నెల్లూరు ఆసుపత్రిలో కూడా సీసమేనన్నారు. జాడీ మానేశాక కృపమ్మక్క కడుపునొప్పి తగ్గింది. చేతులకు కొంచెం కొంచెంగా బలం వచ్చింది కానీ గిన్నె పట్టేంత రాలేదు. పాస్టరు గారు ఆమె ఇంటికి పోయి, సంఘం తరఫున క్షమాపణ అడిగి, బల్లకు రమ్మన్నారు. ఆమె రానంది.

“సాల్మన్ రాజు గుడికి రావడం మానేసినాడు గదయ్యా. నా మూలాన ఒకడు బయట నిలబడుంటే నేనెట్ల చెయ్యేసేది? అతన్ని పిలవండి. అతను గిన్నె పట్టుకొస్తే తాగతా.”

మూడు నెలలు ఆమె పట్టు విడవలేదు. నాలుగో నెల, ఆయన వస్తానన్నాడని నాకు కబురు వచ్చింది. సంగం నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చాను. సాల్మన్ రాజు గారు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు. బల్ల ఆశీర్వదించాక, సంఘ పెద్దగా గిన్నె ఆయన చేతికిచ్చారు. వరస వెంట అందరికీ అందిస్తూ వచ్చి కృపమ్మక్క ముందు ఆగాడు. ఆమె చేతులు చాపింది. అవి వాలిపోయాయి. ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

కృపమ్మక్క తలెత్తి, గుడంతా వినపడేలా అడిగింది:

“ఇది నీ జాడీలోది కాదు గదబ్బయ్యా?”

ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వింది. సాల్మన్ రాజు గారు గిన్నె పైకెత్తి, ఆమె చూస్తుండగా తానొక గుటక తాగాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆమె పెదవులకు పట్టాడు.